అడవి పండు ఎవరిది, నిల్వ ఎవరిది?

ఏటా మే నెల రాగానే తెలుగు పత్రికల అనుబంధాలు ఆవకాయతో నిండిపోతాయి. పెరటి మామిడి, మడిచీరలో బామ్మ, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టిన ముక్కలు, పింగాణీ జాడీ, దాని మూతికి కట్టిన వాసెన. ఈ చిత్రం దశాబ్దాలుగా ఇంచుమించు మారలేదు. తెలుగువారి వేసవి అంతా ఒకే పెరట్లో, ఒకే కుటుంబంలో గడిచిందా అనిపించేటంత ఏకరూపత అందులో ఉంది. ఆవకాయ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కారం, ఆవపిండి, ఉప్పు సమపాళ్లలో కుదిరిన కొత్తావకాయను వద్దనేవాడు మా పల్లెలోనూ లేడు. నా ప్రశ్న వేరు. వేసవి పండును ఏడాది పొడవునా దాచుకోగలిగినవారు ఎవరు? అదే వేసవిలో అదే కొండ మీద పండు ఏరి, సాయంత్రానికల్లా దాన్ని వచ్చినకాడికి అమ్ముకోక తప్పనివారు ఎవరు? ఈ రెండు గుంపులకూ మధ్య ఉన్న గీత రుచికి సంబంధించినది కాదు. అది కులానికి సంబంధించినది.

మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమల అంచున ఉన్న మాదిగపల్లెల్లో వేసవి మామిడితో మొదలుకాదు. ఇప్పపువ్వు రాలడంతో మొదలవుతుంది. తెల్లవారుజామున చెట్టు కింద పరుచుకున్న పూలను ఎండ ఎక్కక ముందే ఏరుకోవాలి. ఆ వెనుక మొర్రిపండ్లు వస్తాయి. నల్లగా, చిన్నగా, పులుపు కలిసిన తీపితో ఉండే ఆ పండు గింజను పగలగొడితే వచ్చేదే సారపప్పు. పట్నం మిఠాయి మీద చల్లే ఆ పప్పు ఏ చెట్టుదో మిఠాయి తినేవారిలో ఎందరికి తెలుసో చెప్పలేను. తర్వాత తునికిపండ్లు. పచ్చివి నాలుకను పట్టేసేంత వగరు, మాగితే గట్టి పెంకులో పసుపుపచ్చని మెత్తని గుజ్జు. పాలపండ్లు తింటే పెదవులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఈతగెల రంగు తిరగగానే కోసి, ఉప్పునీళ్లు చల్లి, గడ్డిలో మాగవేస్తే రెండు మూడు రోజుల్లో పండ్లు నల్లబడతాయి. తొలకరి దగ్గరపడేసరికి నేరేడు, కలేకాయలు. కోస్తావారు వాక్కాయలనే జాతికే చెందిన ఈ కలేకాయల పొద నిండా ముళ్లే. కోసి తెచ్చిన మనిషి మోచేతులు చూస్తే ఎన్ని కాయలు కోసిందో చెప్పవచ్చు.

ఈ జాబితాను ప్రకృతి వర్ణనగా చదవవద్దని మనవి. మెట్ట ప్రాంతంలో వేసవి అంటే కూలి దొరకని కాలం. శనగ, కంది ఇంటికి చేరిన తర్వాత మళ్లీ తొలకరి దుక్కి వరకు పల్లెకు పని ఉండదు. ఆ ఖాళీ నెలల్లో అడవి పండు పిల్లల చేతి చిరుతిండి కాదు. అది ఒక పూట భోజనం. మా జేజి తరం ఆడవాళ్లు కొక్కెం కట్టిన దోటి, గంప తీసుకుని చీకటితో వెళ్లి, పొద్దెక్కేసరికి దిగివచ్చేవారు. సగం ఇంట్లో పిల్లల ఆకలికి పోయేది. మిగిలిన సగాన్ని ఊళ్లోకి తీసుకుపోయి, సోలెడు పండ్లకు సోలెడు జొన్నలో, గిద్దెడు సజ్జలో మార్చుకునేవారు. బస్టాండులో అయితే మోదుగాకు దొప్పల్లో పోసి అమ్మేవారు.

మారకంలోని అసలు కిటుకు ఇక్కడే ఉంది. అడవి పండు ఆగదు. పొద్దున సోలకు సోల పలికిన పండు మధ్యాహ్నానికి సగం ధర పలుకుతుంది, సాయంత్రానికి మెత్తబడి ఈగలు ముసురుతాయి. ఈ సంగతి అమ్మేవారికి ఎంత తెలుసో కొనేవారికీ అంతే తెలుసు. నీడలో కూర్చుని, ఎండ నడినెత్తికి వచ్చేదాకా వేచి ఉంటే చాలు, ధర దానంతటదే దిగివస్తుంది. పండించినవాడికంటే నిల్వ ఉంచగలిగినవాడే ధర నిర్ణయిస్తాడన్న సూత్రాన్ని గిడ్డంగుల గురించి, పత్తి గురించి, మిర్చి గురించి మన ఆర్థికవేత్తలు విస్తారంగా రాశారు. గంపెడు తునికిపండ్ల విషయంలోనూ అదే సూత్రం పనిచేసింది. కాకపోతే దాన్ని రాసినవారు తక్కువ.

మరి పల్లె ఎందుకు నిల్వ చేసుకోలేదు? తెలివి లేక కాదు. నిల్వకు కావలసిన సరంజామా లేక. జాడీ కావాలి. జాడీ నిండా మునిగేంత నూనె కావాలి. కూలి గింజల రూపంలో వచ్చే ఇంట్లో నూనెను చెంచాలతో కొలిచేవారు. నాలుగు రోజులు ముక్కలు ఆరడానికి కుక్కలు తిరగని మిద్దె కావాలి. వాన వస్తే కారని కప్పు కావాలి. వీటన్నిటికీ మించి, ఇవాళ తినకుండా రేపటికి దాచగలిగినంత కడుపు నిండి ఉండాలి. ఊరగాయ అంటే మిగులు. మిగులు లేని ఇంట్లో జాడీ కనిపించకపోవడంలో వింత లేదు.

అయినా పల్లెకు తనదైన నిల్వ విద్య లేకపోలేదు. నూనె అడగని, జాడీ అడగని విద్య అది. ఎండ ఒక్కటే దాని పెట్టుబడి. గాలిదుమారం వచ్చిన మర్నాడు ఊరి తోటల్లో రాలిన పచ్చిమామిడిని ఏరుకోవడానికి పల్లె ఆడవాళ్లకు అనుమతి ఉండేది. కోతలైన చేలో పరిగె ఏరుకున్నట్టే ఇదీ. దానికి హక్కు అనే పేరు లేదు, దయ అనే పేరు ఉంది. తోట యజమాని మనసు మారితే ఆ ఏడు రాలుగాయ లేదు. ఆ రాలుగాయలను సన్నగా తరిగి, ఉప్పు పట్టించి, చాప మీద ఎండబెడితే అవి ఒరుగులు. వానకాలంలో పప్పులో నాలుగు ఒరుగులు పడితే చింతపండు అక్కరలేదు. చలికాలపు రేగుపండ్లను గింజతో సహా దంచి, బెల్లం, ఉప్పు, మిరపకాయ కలిపి తట్టిన రేగు వడియాలు వేసవి దాకా నిలిచేవి. అదే చాప మీద, అదే ఎండలో, అదే ఉప్పుతో మాంసం ఎండితే అది ఒట్టితునకలు. మామిడి ఒరుగుకూ ఒట్టితునకకూ పద్ధతిలో రవ్వంత తేడా లేదు. అయితే మొదటిది ఈరోజు ‘సంప్రదాయ వంటకం’గా పొట్లాల్లో అమ్ముడుపోతున్నది. రెండోదాని పేరు పలికితే అద్దె ఇల్లు దొరకదు.

ఈ విద్యను రాసిపెట్టే పని ఇతర భాషల్లో కొంత జరిగింది. పుణె విశ్వవిద్యాలయంలో శర్మిలా రేగే, ఆమె విద్యార్థులు దళిత స్త్రీల తిండి జ్ఞాపకాలను 2009లో సంకలనం చేశారు. 2015లో షాహూ పటోలే మరాఠ్వాడా మహార్, మాంగ్ కులాల వంటల మీద మరాఠీలో రాసిన పుస్తకానికి ‘అన్న హే అపూర్ణబ్రహ్మ’ అని పేరు పెట్టారు. అన్నాన్ని పూర్ణబ్రహ్మగా కీర్తించే నానుడిని ఒక్క అక్షరంతో తలకిందులు చేసిన పేరు అది. తెలుగులో జాజుల గౌరి కథల సంపుటి పేరే ‘మన్నుబువ్వ’. మన దళిత స్త్రీల కథల్లో ఆకలి ఉంది, అన్నం ఉంది. ఆ కథలను వంటల చరిత్రగా చదివే అలవాటు మాత్రం మన విమర్శకు ఇంకా పూర్తిగా అబ్బలేదు.

ఇక మడి సంగతి. ఊరగాయ చెడకుండా ఉండటానికి శుచి కారణమని, అంటు తగిలితే జాడీ బూజు పడుతుందని తరతరాలుగా చెబుతూ వచ్చారు. ఊరగాయ నిలవడానికి కారణాలు నాలుగే. ఉప్పు తగినంత ఉంటే కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నీరు దక్కదు. పులుపు వాటిని ఎదగనివ్వదు. ఎండ ముక్కలోని తేమను లాగేస్తుంది. పైన తేలే నూనె గాలిని లోపలికి రానివ్వదు. చెడటానికి కారణాలూ అంతే సాదాసీదావి: తడి గరిటె, ఉప్పు తగ్గడం, ముక్క నూనెకు పైన తేలడం. ఎవరి చేయి తగిలిందన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. చేయి శుభ్రంగా, పొడిగా ఉందా అన్నదే ఉంది. బహిష్టు అయిన స్త్రీ నీడ పడితే ఊరగాయ చెడుతుందన్న నమ్మకం కూడా ఈ కోవదే. అంటు, ముట్టు, మైల అన్న మాటలు కులానికీ స్త్రీ శరీరానికీ ఒకేలా వాడుకలో ఉండటం యాదృచ్ఛికం కాదు. ఈ రెండో నమ్మకాన్ని పల్లె కూడా ఊరి నుంచి అరువు తెచ్చుకుని ఇంకా వదిలించుకోలేదని ఒప్పుకోవాలి. తనను అంటరానిదన్న సూత్రాన్నే మా ఇళ్లలో కొందరు అత్తలు కోడళ్ల మీద ప్రయోగిస్తారు.

మడి తర్కంలోని అసలు వింత ఇంకొకటి ఉంది. ఆవకాయలో పడే కారం సంగతే చూడండి. కర్నూలు, ప్రకాశం మెట్ట పల్లెల నుంచి ఆడవాళ్లు పిల్లాపాపలతో గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు వలస వెళతారు. వారిలో దళిత స్త్రీలు గణనీయంగా ఉంటారు. కాయ కోసేది వారు, కళ్లంలో ఆరబోసేది వారు, తాలుకాయ ఏరి వేరుచేసేది వారు, గిడ్డంగుల్లో తొడిమ తీసేది వారు. రాత్రి మంట పుట్టే ఆ చేతులతో పిల్లల కళ్లు తుడవడానికి కూడా భయపడతారు. చింతపండు ఈనె, గింజ తీసే చేతులూ అలాంటివే. ఉప్పుమడిలో పాదాలు పగిలేదీ అలాంటివారికే. ఇన్ని చేతులు తాకిన సరుకు వంటింటి గడప దాటే వరకు ఎవరికీ అంటు గుర్తుకురాదు. పచ్చి సరుకుకు దోషం లేదు. అందుకే స్వయంపాకం అనే ఏర్పాటు పుట్టింది. బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు పళ్లెంలో పెట్టి ఇస్తే పుచ్చుకోవచ్చు, వండినది మాత్రం పుచ్చుకోకూడదు. శ్రమ గడప అవతల ఉన్నంతసేపు శుద్ధమే. అది వంటగా మారి, రుచిగా మారి, పేరుగా మారే క్షణంలో అపవిత్రమవుతుంది. కులం శ్రమను పంచుకునే ఏర్పాటు కాదని, శ్రమించేవారినే మెట్లుమెట్లుగా విడగొట్టే ఏర్పాటని అంబేడ్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో వాదించారు. ఊరగాయ జాడీ ఆ వాదానికి అతి చిన్న ఉదాహరణ.

ఇదంతా గతం, ఇప్పుడెవరు పాటిస్తున్నారు అనేవారు మన విశ్వవిద్యాలయాల్లోనే ఉన్నారు. వారు ఒకసారి ఊరగాయల దుకాణంలో సీసాల మీది చీటీలు చదవాలి. ‘మడితో చేసినవి’, ‘బ్రాహ్మణ వంట’ అన్న మాటలు నాణ్యతకు హామీగా అచ్చవుతున్నాయి. ఏ చట్టమూ వాటిని ప్రశ్నించదు. ‘మాదిగ ఇంటి ఒరుగులు’ అని ఒక పొట్లం మీద అచ్చువేసి అదే అరలో పెట్టి చూడమనండి. ఒక కులం పేరు ధర పెంచుతుంది, ఇంకో కులం పేరు సరుకును అర నుంచి దింపుతుంది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాల పిల్లలు దళిత స్త్రీ వండిన మధ్యాహ్న భోజనం తినడానికి నిరాకరించారు. ఆమెను ఉద్యోగం నుంచి తొలగించారు. దేశమంతా చర్చ జరిగాక తిరిగి తీసుకున్నారు. ఆ పిల్లలకు ఆ నిరాకరణ పాఠ్యపుస్తకంలో నుంచి రాలేదు.

డ్వాక్రా సంఘాల కాలంలో ఊరగాయలు పెట్టి అమ్ముకోండి అన్నది ప్రతి అధికారీ ఇచ్చిన మొదటి సలహా. దాదాపు పదిహేనేళ్ల కిందట మా పిన్ని ఉన్న పొదుపు సంఘం ఆ సలహా విన్నది. కొండ కలేకాయలతో ఊరగాయ, మామిడి ఒరుగులు చేశారు. కలేకాయను నిలువునా చీల్చి గింజ తీయడం చాలా ఓపికైన పని. పాలు కారి వేళ్లు జిగురు పట్టేస్తాయి. ఉప్పునీళ్లలో వేస్తేనే ఆ జిగురు వదులుతుంది. సంఘంలోని పదిమంది ఆడవాళ్లు వారం రోజులు ఈ పనే చేశారు. సరుకు బాగా కుదిరింది. పట్టణంలో ఒక ప్రదర్శనలో బల్ల వేసి కూర్చున్నారు.

కొనడానికి వచ్చినవారు రుచి చూశారు, బాగుందన్నారు. తర్వాత అడిగారు.

“ఎవరు పెట్టారమ్మా ఇవి?”

“మా సంఘం వాళ్లమేనండి.”

“ఏ ఊరు మీది?”

పిన్ని ఊరి పేరు చెప్పింది.

“ఊళ్లో ఎటువైపు?”

ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు. తడబాటే జవాబు. “చూసి వస్తాం” అని సీసా కింద పెట్టి వెళ్లినవారు తిరిగి రాలేదు. సాయంత్రం ఒక అధికారి, మంచి మనిషే, సీసాల మీద ఊరి పేరు తీసేసి ఏదైనా అమ్మవారి పేరు పెట్టుకొమ్మని సలహా ఇచ్చాడు. సంఘం ఆడవాళ్లు ఆ సలహా తీసుకోలేదు, మరుసటి ఏడు ఊరగాయా పెట్టలేదు. ఆ తర్వాత వేసవి నుంచి వారిలో నలుగురు పట్టణంలో ఊరగాయలు చేసి అమ్మే ఒక ఇంటికి కూలికి వెళ్లసాగారు. మామిడి ముక్కలు కొట్టడం, మిరప తొడిమలు తీయడం, కలేకాయ చీల్చడం వారి పని. కలపడం మాత్రం ఇంటివారే చేసేవారు. ఆ సీసాలు అమ్ముడుపోయాయి. అవే చేతులు, అదే కొండ కాయ.

కలేకాయ జాతికి ఇంతకంటే విచిత్రమైన జీవితం ఇంకోటి ఉంది. పట్నం బేకరీలో కేకు మీద మెరిసే ఎర్రని ‘చెర్రీ’ చాలాసార్లు చెర్రీ కాదు, గింజ తీసి రంగు వేసి చక్కెర పాకంలో ఊరవేసిన వాక్కాయ. ముళ్లపొద కాయ తన పేరు వదులుకున్నాక పుట్టినరోజు పండుగలకు అర్హత సంపాదించుకుంది. పేరు మార్చుకుంటేనే లోపలికి రానిచ్చే ఈ పద్ధతి మా వాళ్లకు కొత్తదేమీ కాదు. ఇంటిపేరు దాచుకుని అద్దెకు దిగినవారు ఈ వ్యాసం చదివేవారిలోనే ఉంటారు.

ఇప్పటిదాకా చెప్పినది ఊరు చేసిన పని. రాజ్యం చేసిన పనీ తక్కువది కాదు. 1927 భారత అటవీ చట్టం అడవిలో ఉన్న, అడవి నుంచి తెచ్చిన పూలూ పండ్లూ ఆకులనూ అటవీ ఉత్పత్తులుగా నిర్వచించింది. ఇప్పపువ్వును, ఇప్పగింజను అయితే అడవిలో దొరికినా దొరకకపోయినా అటవీ ఉత్పత్తేనంది. ఆ నిర్వచనం ప్రకారం సొంత పెరటి చెట్టు కింద రాలిన పువ్వు కూడా అటవీ ఉత్పత్తే. అంతకుముందే 1892లో బొంబాయి ప్రెసిడెన్సీలో ఇప్పపువ్వు కోసమే ప్రత్యేకంగా మౌరా చట్టం తెచ్చి, ఠాణా, కొలాబా ప్రాంతాల్లో పువ్వు సేకరణ మీదా, అమ్మకం మీదా, ఇంట్లో ఉంచుకోవడం మీదా ఆంక్షలు పెట్టారు. సారా ఆదాయం కాపాడుకోవడానికి ప్రభుత్వం తెచ్చిన చట్టం అది. పువ్వు ఎండబెట్టి దాచుకుని కరువు నెలల్లో ఉడికించుకు తినేవారి దృష్టి నుంచి చూస్తే, అది ఆహార నిల్వను నేరం చేసిన చట్టం.

తునికి కథ ఇంకో రకం. ఒకే చెట్టు పండూ ఇస్తుంది, బీడీ ఆకూ ఇస్తుంది. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో వస్తాయి. ఆకు వ్యాపారానికి 1971లో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక చట్టం చేసింది. లేత ఆకు గుబురుగా రావాలంటే వేసవికి ముందే పొదలను కొట్టిస్తారు. కొట్టిన పొద ఆకు ఇస్తుంది, పండు ఇవ్వదు. ఖజానాకు ఆకు కనిపించింది, ఆకలికి పండు కనిపించింది. ఏది నెగ్గిందో చెప్పనక్కరలేదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది. 1979 నిబంధన చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలులో దానికి గుత్తాధికారం ఇచ్చింది. దళారి నుంచి ఆదివాసిని కాపాడటం దాని ఉద్దేశం, అది మంచి ఉద్దేశమే. కానీ దాని చూపు ఎండిన, తూచదగిన, ఎగుమతికి పనికివచ్చే సరుకు మీద ఉంది. 2020 మే నెలలో కేంద్రం మద్దతు ధరలు సవరించినప్పుడు గింజతో ఉన్న చింతపండుకు కిలో 36 రూపాయలు, ఎండిన ఇప్పపువ్వుకు 30 రూపాయలు ఖరారు చేసింది. ఎండబెట్టి తెస్తేనే ఆ ధర. సాయంత్రానికి మెత్తబడే పాలపండుకు ఆ పట్టికల్లో చోటు దొరకడం కష్టం.

2006 అటవీ హక్కుల చట్టం ఈ చరిత్రను మార్చవలసిన చట్టం. అంతకు పదేళ్ల ముందు 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యాన్ని గ్రామసభలకు ఇచ్చింది. 2006 చట్టం వాటిని సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కును అడవిలో బతికేవారికి ఇచ్చింది. ఆ చట్టపు నిర్వచనంలో వెదురు, తేనె, లక్క, బీడీ ఆకు, వేళ్లు, దుంపలు పేరుపేరునా ఉన్నాయి. పండు పేరు లేదు. కలప కాని వృక్ష సంబంధ ఉత్పత్తులన్నీ అన్న మాటలో అది ఇమిడిపోయింది. దీన్ని నేను పెద్ద లోపంగా చూపడం లేదు. 2012లో నియమాలు సవరించినప్పుడు చేరిన ఒక మాట మీద మాత్రం విద్యార్థులు దృష్టి పెట్టాలి. అమ్ముకునే హక్కులో శుద్ధి చేయడం, విలువ పెంచడం, అడవి బయటికి రవాణా చేయడంతో పాటు నిల్వ చేయడం కూడా ఉందని ఆ సవరణ స్పష్టంగా చెప్పింది. 1892లో నేరమైన పని 2012కి హక్కు అయింది.

అయితే ఆ హక్కు ఎవరికి? షెడ్యూల్డు తెగలవారు 2005 డిసెంబరు 13 నాటికి అడవిలో నివసిస్తూ దాని మీద ఆధారపడి ఉన్నట్టు చూపితే చాలు. ‘ఇతర సంప్రదాయ అటవీ నివాసులు’ ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు నిరూపించుకోవాలి. అడవి అంచు దళితులు ఈ రెండో వర్గంలోకి వస్తారు. 1930 నాటి కాగితం మా దగ్గర ఎక్కడ ఉంటుంది? పట్టా ఉన్నవాడికి కాగితం ఉంటుంది, పన్ను కట్టినవాడికి రశీదు ఉంటుంది. పండు ఏరినవాడికి ఏముంటుంది? వెట్టి చేసినవారి పేర్లు భూస్వామి లెక్కల పుస్తకంలోనైనా ఉంటాయి. దోటి పట్టుకుని కొండెక్కిన ఆడదాని పేరు ఏ పుస్తకంలోనూ లేదు. మిగులు లేనివాడికి జాడీ లేనట్టే, ఆస్తి లేనివాడికి దస్తావేజు లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నల్లమల మీద మొదటి హక్కు చెంచులది. అందులో తగాదా లేదు. ఊరు పల్లెను చూసినట్టే పల్లె కొన్నిసార్లు చెంచుగూడేన్ని చూసింది. మొర్రిగింజను చెంచు స్త్రీ దగ్గర చవకగా మార్చుకుని పట్టణంలో ఎక్కువకు అమ్మినవారు మా వాళ్లలోనూ ఉన్నారు. దళితుల హక్కు పేరుతో చెంచుల హక్కును పలచన చేయాలని నేను కోరడం లేదు. ఆదివాసీలు తమ ఉత్పత్తిని తామే తయారుచేసి తమ పేరుతోనే అమ్మగలరని ఉట్నూరు మహిళలు ఇప్పపువ్వు లడ్డూలతో చూపించారు. ఆ పొట్లం మీద ఆదివాసీ అన్న మాట దాచుకోవలసినది కాలేదు. 2018లో మొదలైన వన్‌ధన్ పథకం ఇలాంటి బృందాలకు శిక్షణ, పరికరాలు ఇస్తున్నది. దాని పరిధి ఆదివాసీ సేకర్తలు. అడవి అంచు దళిత స్త్రీ దానికి బయటే ఉంది. షెడ్యూల్డు కులాల ఆర్థిక సంస్థల దగ్గరికి వెళితే ఆటో, కిరాణా కొట్టు, గేదె అంటారు. అడవి పండుకు అక్కడ పద్దు లేదు. అటవీ శాఖకు ఆమె ఆదివాసి కాదు, సంక్షేమ శాఖకు ఆమె పని వృత్తి కాదు.

అందువల్ల నా ప్రతిపాదనలు పెద్దవేమీ కావు. మూడు తరాల నిబంధనను అడవి అంచు షెడ్యూల్డు కులాలకు సడలించాలి. దీనికి పార్లమెంటు చట్టం సవరించాలి, అది రేపటికి కాదని తెలుసు. రేపటికి సాధ్యమయ్యేవీ ఉన్నాయి. షెడ్యూల్డు కులాల ఉపప్రణాళిక నిధులతో అడవి అంచు మండలాల్లో ఎండబెట్టే వేదికలు, చిన్న శుద్ధి కేంద్రాలు కట్టవచ్చు. ప్రభుత్వ వసతిగృహాలకు, అంగన్‌వాడీలకు ఊరగాయ, ఒరుగులు ఈ సంఘాల నుంచే కొనవచ్చు. కొనేది ప్రభుత్వమైతే ‘ఊళ్లో ఎటువైపు’ అన్న ప్రశ్న టెండరు కాగితంలో ఉండదు. ఆహార పదార్థాల చీటీల మీద కులం పేరును నాణ్యతా చిహ్నంగా వాడటాన్ని నిషేధించడానికి కొత్త సంస్థ అక్కరలేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద ఉన్న నిబంధనలకు ఒక వివరణ జోడిస్తే చాలు. ఒక పదార్థం ఎంత ఉప్పుతో నిలిచిందో చెప్పవలసిన చోట ఎవరి కులంతో నిలిచిందో చెప్పడం తప్పుదోవ కాకపోతే ఇంకేమిటి?

కాగితం లేనివారికి అటవీ హక్కుల నియమాలు ఒక దారి వదిలాయి. పదమూడో నియమం ప్రకారం హక్కుదారులు కాని పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెడితే అది సాక్ష్యంగా చెల్లుతుంది. పోయిన వేసవిలో మా పల్లె పిల్లలు, ఒంగోలులో డిగ్రీ చదివేవాళ్లు, నలుగురు ముసలమ్మల చెంత కూర్చుని ఆ పని మొదలుపెట్టారు. ఏ వాగు పక్కన ఏ చెట్టు, ఏ నెలలో పండు, చిన్నప్పుడు ఎవరి వెంట వెళ్లేవారు, ఆ వెంట తీసుకువెళ్లినవాళ్లు ఎవరి బిడ్డలు అని అడుగుతూ రాశారు. ఒక పెద్దమ్మ తన తల్లి వెంట, తల్లి తన అత్త వెంట వెళ్లిన పాలచెట్టును గుర్తుచేసుకుంది. చెట్టు ఇంకా ఉందేమోనని పిల్లలు వెళ్లి చూశారు. ఉంది. ఫొటో తీసి వాంగ్మూలానికి జతచేశారు. పదకొండు పేజీల ఆ కాగితం గ్రామసభకు చేరింది. అటవీ హక్కుల కమిటీ సమావేశం రెండుసార్లు వాయిదా పడింది.